స్కార్‌వోయ్ మావ

ఈ ఏడు తింజాన్ నీళ్ళ పండుగ వెళ్ళిన మర్నాడు మా డాబా మీద ఒక ఉన్ని స్వెట్టరు ఎండబెట్టాను. రంగూన్ ఊరి అంచున మా ఇన్సేన్‌లో ఏప్రిల్ ఎండకి రేకుల మీద కాకి కూడా వాలదు. కింద సందులో వెళ్తున్న ఒకావిడ తలెత్తి చూసి, ఇంట్లో ఎవరికైనా చలిజ్వరమా అని బర్మా మాటలో అడిగింది. లేదన్నాను. ఆమె సందుకి కొత్త. పాతవాళ్ళెవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ స్వెట్టరు రెండిళ్ళ అవతల, ఏటా ఇదే రోజున, ఎండ చూసేది.

దాని మనిషిని మేము స్కార్‌వోయ్ మావ అనేవాళ్ళం. అసలు పేరు అందరికీ తెలుసు, ఎవరూ వాడేవారు కాదు. నేనూ ఇక్కడ వాడను.

మావ నడిస్తే కాళ్ళు ఎడంగా పడేవి. ఓడల ఇంజను గదుల్లో నూనె పోసి బతికిన మనిషి. కదలని నేల ఆయనకి చివరిదాకా పూర్తిగా అలవాటు కాలేదు. ఎక్కడైనా ఆగితే ఒక చెయ్యి గోడని వెతుక్కునేది. ఏదడిగినా జవాబు చెప్పే ముందు ఒకసారి పైకి చూసేవాడు. టీ కొట్టు రేకుల కింద కూర్చున్నా సరే, ఆ రేకుల్లోంచి ఆకాశం కనిపిస్తున్నట్టు. ఒంట్లో ఎలా ఉంది మావా అంటే, "గాలిని బట్టి" అనేవాడు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదంటే అదే మాట. రేపు కరెంటు ఉంటుందా అన్నా అదే మాట. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం మా సందులో ఎవరికీ అంతకంటే మంచి జవాబు తెలియదు.

స్వెట్టరు నల్లది. ఒళ్ళంతా తెల్లటి చిన్న చుక్కలు, మెడ దగ్గర వెండిలా మెరిసే రెండు కొక్కేలు. మోచేతి దగ్గర చిరిగితే తనే ఆకుపచ్చ దారంతో అల్లుకున్నాడు. ఎండబెట్టే రోజు రెండు చేతుల్లోంచీ ఒక వెదురుకర్ర దూర్చి గోడకి తగిలించేవాడు. చేతులు బార్లా చాచి అది వేలాడుతుంటే నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటున్నట్టు ఉండేది. తింజాన్ అయ్యాకే ఎందుకంటే, ముందైతే పిల్లలు దాని మీద నీళ్ళు కొడతారని. సాయంత్రం దాకా పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. తొడుక్కోగా మాత్రం ఎవరూ చూడలేదు.

రెండోది దీపం. పొద్దుగూకే వేళ ఆయన గది కిటికీలో ఒక చిన్న మట్టి ముంతలో దీపం పెట్టేవాడు. కరెంటు ఉన్నా పెట్టేవాడు. పైనున్న దేవతలకి అని కొందరు, ఎవరో ఆడమనిషికి గుర్తు అని కొందరు అనుకునేవారు. నేను అడిగితే చెప్పాడు. తను ఒకప్పుడు ఉండి వచ్చిన ఊళ్ళో ప్రతి ఇంటి కిటికీలోనూ దీపం ఉంటుందట, తెర కూడా వేయరట. నీళ్ళ మీద ఉన్నవాళ్ళకి ఇల్లు కనబడాలని. ఈయన ఓడ మీద నిలబడి రోజూ ఆ దీపాలు లెక్కపెట్టుకునేవాడట. ఏ ఇల్లు ఎవరిదో దీపాన్ని బట్టి తెలిసిపోయిందట. ఒకరోజు ఒకటి తక్కువైతే, ఆ ఇంటి ముసలాయనకి ఏమైందోనని మర్నాడు పడవ వచ్చేదాకా అన్నం సయించలేదట.

"ఇక్కడ నీళ్ళ మీద ఎవరున్నారు మావా?" అన్నాను.

పైకి చూశాడు. "నానున్నాను కదా బావు," అన్నాడు.

ఆ ఊరు నార్వే దేశంలో, ఉత్తరపు కొసన, సముద్రం ఒడ్డున. ఊరంటే ఒకటి కాదు, నాలుగైదు దీవులు కలిసిన చిన్న మునిసిపాలిటీ. పేరు స్కార్‌వోయ్. ఓడలకి బేరాలు లేని రోజుల్లో వాళ్ళ కంపెనీ ఒక పెద్ద ఓడని అక్కడ కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో కట్టేసి, ఇంజను తుప్పు పట్టకుండా చూసుకోవడానికి ఐదారుగురిని దాని మీద ఉంచేసింది. అందులో ఇద్దరు రంగూన్ తెలుగువాళ్ళు. మావ ఒకడు, సూరి అని ఇంకో కుర్రాడు. రెండు శీతాకాలాలు. నలభై ఏళ్ళు ఓడల మీద తిరిగిన మనిషి, ఎన్నో రేవులు చూసిన మనిషి, ఆ రెండు శీతాకాలాల గురించే మాట్లాడేవాడు. అక్కడి మేయరు పొద్దున వల లాగి, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం ఆఫీసులో సంతకాలు పెట్టేవాడట. ఇంట్లోకి వెళ్తే చెప్పులు గుమ్మంలోనే విప్పాలట. ఆ మాట చెప్పినప్పుడల్లా మావ మొహంలో గర్వం కనిపించేది, ఆ మర్యాద తనే నేర్పి వచ్చినట్టు.

టీ కొట్టులో జనం నమ్మింది తక్కువ. రెండు నెలలు సూర్యుడు రాకపోవడాన్ని ఎలాగో మింగారు. చేప దగ్గర మాత్రం ఆగిపోయారు. అక్కడ చేపల్ని తోకకి తోక ముడేసి, ఎత్తైన కర్రల పందిళ్ళ మీద వేలాడదీస్తారనీ, ఉప్పు వేయరనీ, చల్లగాలికే అవి చెక్కలా ఎండిపోతాయనీ మావ అన్నాడు. మా వాళ్ళందరి తాతలూ సముద్రం ఒడ్డు నుంచి, శ్రీకాకుళం నుంచీ భీమిలి నుంచీ వచ్చినవాళ్ళు. ఇంకేం చెప్పినా ఊరుకుంటారు గాని, ఎండుచేప సంగతిలో ఊరుకోరు. బజార్లో ఎండుచేపలు అమ్మే నూకాలు గ్లాసు బల్ల మీద పెట్టి మరీ అడిగింది.

"ఉప్పెయ్యకుండా సేపెండితే, నీరెయ్యకుండా అన్నం ఉడుకుతాది మావా. అలగే ఉడికించినారేటి అక్కడ?"

కొట్టంతా నవ్వింది. మావ పైకి చూశాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆయనకి జరిగిన మంచీ చెడూ రెండూ నా వల్లే జరిగాయి. ఐదో క్లాసుతో చదువు ఆగింది. ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో లేత్ మిషను మీద ముప్పై ఏళ్ళు పనిచేశాను. తెలుగు చదవడం గుడి బడిలో, ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని నాకు నేనుగా నేర్చుకున్నాను. సెలవు రోజున ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలెక్కి ఊళ్ళోకి వెళ్ళి లైబ్రరీలో కూర్చోవడం నాకు సినిమా, షికారు అన్నీ. తెలుసుకున్నవి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. టీ కొట్టులో నన్ను "సయా" అని పిలిచేవారు. బర్మా మాటలో పంతులని అర్థం. అందులో సగం ఎగతాళి అని నాకు తెలుసు, మిగతా సగం చాలనుకునేవాణ్ణి.

చేప గొడవ అయిన ఆదివారమే వెళ్ళి విజ్ఞాన సర్వస్వం తిరగేశాను. ఉంది. కాడ్ అనే చేప, ఉప్పు లేకుండా, గడ్డకట్టీ కట్టని చలిగాలికి, కర్రల మీద. బొమ్మ కూడా ఉంది. మొత్తం రాసుకొచ్చి టీ కొట్టులో నిలబడి చదివాను. నూకాలు, "పుస్తకంలో ఉంటే సరేలే," అని లేచి వెళ్ళిపోయింది. మావ తన టీ గ్లాసుని బల్ల మీద నెమ్మదిగా జరిపి నా ముందు పెట్టాడు. ఇంకో గ్లాసు చెప్పుకోలేదు.

ఆ రోజు నుంచి నేను ఆయన మనిషిని. పైడమ్మ వచ్చే రోజున నన్నూ పిలవడం మొదలుపెట్టాడు.

పైడమ్మ సూరి చెల్లెలు. నేను అప్పా అనేవాణ్ణి, అక్క వరస. నది అవతల ట్వంటేలో ఉంటుంది, కుండలు చేసే వాళ్ళింటి కోడలు. ఏటా పెద్దలకి పెట్టుకునే అమావాస్య వెళ్ళాక ఒకరోజు, పడవా బస్సూ మారి, ఒక కొత్త మట్టి ముంతా, టిఫిను క్యారియరులో అన్నం, పులుసూ పట్టుకుని వచ్చేది. మావ కిటికీలో దీపం పెట్టే ముంతలన్నీ ఆమె తెచ్చినవే. ఆయన తిన్నాక గిన్నెలు కడిగి, కింద కూర్చుని, ప్రతి ఏడూ ఒకే మాట అడిగేది: "ఇంక సెప్పన్నియ్యా."

ఆయన చెప్పేవాడు. ఏటా అవే మాటలు, అదే వరస. ఒక్క మాట తప్పితే ఆమె అందించేది.

రెండో శీతాకాలంలో ఓడ మెట్ల మీద మంచు పేరుకుంది. సూరి జారి కింద ఇనప తొట్టిలో పడ్డాడు. పొద్దుటికి పోయాడు. శవాన్ని రంగూన్ పంపడం కుదరదని కంపెనీ వాళ్ళు అన్నారు. దహనం చేద్దామంటే ఆ దీవుల్లో అలాంటి చోటు లేదు. ఊరివాళ్ళు చర్చి పక్కన పూడుస్తామన్నారు. పూడ్చడానికీ లేదు, భూమి రాయిలా గడ్డకట్టి గునపం దిగడం లేదు. అప్పుడు వాళ్ళు తమ వాళ్ళకి చేసేదే చేశారు. గొయ్యి తియ్యవలసిన చోట బొగ్గులు పోసి, పైన రేకు కప్పి, నిప్పు పెట్టి, నేల మెత్తబడేదాకా కాల్చారు. రెండు రోజులు.

"ఆ నిప్పు నానెట్టినాను," అనేవాడు మావ, చెబుతూ చెబుతూ ఈ చోటికి వచ్చాక. "ఆల్లు ఎడతామన్నారు. కాదన్నాను. మనోడికెట్టాల్సిన నిప్పు. ఒంటికెట్టలేకపోయినాం, ఆడి నేలకెట్టినాం. రెండ్రోజులూ కదల్లేదు నాను. కొరివిలాగే ఎట్టినానమ్మా."

పైడమ్మ కళ్ళు తుడుచుకోదు. "సాలు," అనేది. అంతే. సాయంత్రం పడవకి వెళ్ళిపోయేది. వాళ్ళమ్మ ఆ మాట విన్నాకే నిశ్చింతగా ప్రాణం విడిచిందట. ఆ అమ్మ తరఫున ఏటా ఈమె వచ్చి వినేది. అన్నకి నిప్పు అందిందన్న మాట మీదే ఆ ఇల్లు నిలబడి ఉందని నాకు అర్థమయ్యింది. అయినా చేసింది చేశాను.

మంచి చేద్దామనే మొదలుపెట్టాను. మావకి తన ఊరు అచ్చులో చూపించాలనిపించింది. లైబ్రరీకి కొత్తగా ఒక వార్షిక గ్రంథం వచ్చింది, దేశాల వివరాలన్నీ ఉన్న లావుపాటి పుస్తకం. అందులో నార్వే మునిసిపాలిటీలన్నీ అక్షరక్రమంలో ఉన్నాయి. వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివాను. స్కార్‌వోయ్ లేదు. రెండోసారి చదివాను. లేదు. కొత్త పుస్తకం, పూర్తి జాబితా. ఇంకేం కావాలి.

ఆ సంగతి ఆయనతో గదిలో చెప్పి ఉండాల్సింది. టీ కొట్టులో నూకాలు, "ఏటి సయా, మావ ఊరు దొరికినాదా?" అని అడిగినప్పుడు నా నోరు ఆగలేదు. నాకు తెలిసింది దాచుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఆ దేశంలో అలాంటి మునిసిపాలిటీ లేదని, పేర్లన్నీ చూశానని చెప్పేశాను. ఎవరూ పెద్దగా నవ్వలేదు కూడా. నూకాలు, పాపం, "పోన్లే, ముసిలోడు," అంది. మావ గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

మాట పడవెక్కి ట్వంటే చేరింది. ఆ ఏడు పైడమ్మ అమావాస్య దాకా ఆగలేదు. క్యారియరు లేదు, ముంత లేదు. నేను అక్కడే ఉన్నాను. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"అన్నియ్యా, ఈ బావు సదువుకున్నోడు. ఆ ఊరే లేదంతన్నాడంట. మరి మా సూరి ఎక్కడున్నాడు?"

మావ పైకి చూశాడు. 

"నిప్పెట్టినానన్నావు," అంది ఆమె. "అదైనా నిజమేనా? నీల్లల్లో ఇసిరేసి వొచ్చినారా?"

"ఎట్టినానమ్మా," అన్నాడు.

ఆమె ఆ మాట విని ఆయన వైపు చూడలేదు. నా మొహం చూసింది. నలభై ఏళ్ళుగా ఆయన నోటి మాటే చాలిన మనిషి, అది నిజమో కాదో నేను చెప్పాలని చూసింది. నేను నేల చూస్తూ, "జాబితాలో లేదప్పా," అన్నాను. అబద్ధం చెప్పకూడదనుకున్నాను. అది అబద్ధం కాదు కూడా.

మరుసటి ఏడు ఆమె రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. తింజాన్ వెళ్ళింది, స్వెట్టరు ఎండలోకి రాలేదు. దీపం మాత్రం పెట్టేవాడు, పాత ముంతలోనే, అంచు పగిలినా. టీ కొట్టుకి రావడం తగ్గించాడు. వస్తే చివరి బల్ల దగ్గర కూర్చునేవాడు. ఎవరైనా ఆ ఊరి గురించి కదిపితే, "ఏ ఊరు?" అనేవాడు. కోపంగా కాదు, నిజంగా తెలియనట్టు. నాతో మాట్లాడటం మానలేదు. ఒంట్లో ఎలా ఉందంటే గాలిని బట్టి అనేవాడు. అంతకు మించి మా మధ్య మాటల్లేవు. గోడకున్న రెండు మేకులూ అలాగే ఉండేవి. ఆ సందులోంచి వెళ్ళేటప్పుడు నేను వాటిని చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

రెండేళ్ళ తర్వాత లైబ్రరీలో అలమరలు సర్దుతూ పాత పుస్తకాలు నేల మీద గుట్ట వేశారు. అట్ట ఊడిన భూగోళ నిఘంటువు ఒకటి కనబడితే, అలవాటు కొద్దీ స్కార్‌వోయ్ తీశాను. మూడు వాక్యాలున్నాయి. ఉత్తర నార్వే తీరంలో దీవుల మునిసిపాలిటీ. జీవనం చేపలవేట, కాడ్ ఎండబెట్టడం. పేరుకి నీటికాకుల దీవి అని అర్థం.

లేచి వెళ్ళి ఆ కొత్త వార్షిక గ్రంథం మళ్ళీ తీశాను. జాబితా అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. ఇటీవల చిన్న మునిసిపాలిటీలు కొన్నింటిని పక్కవాటిలో కలిపేశారనీ, ఆ పేర్లు ఈ జాబితాలో చేర్చలేదనీ. పుస్తకం అబద్ధం చెప్పలేదు. నేను అడుగుదాకా చదవలేదు. రంగూన్ అనే పేరు కూడా మార్చేశారు, ఈనాటి జాబితాల్లో వెతికితే అదీ దొరకదు. మా నాన్న పుట్టిన వీధికి ఇప్పుడు వేరే పేరు. ఆ వీధిలో పుట్టలేదని ఎవరైనా మా నాన్నతో అని ఉంటే, నేను కొట్లాటకి వెళ్ళేవాణ్ణి.

మావ అప్పటికి మంచం పట్టాడు. పాదాలు వాచాయి. మూడు వాక్యాలూ చదివి వినిపించాను, గమనిక కూడా. నీటికాకుల దీవి అన్నప్పుడు ఆయన చెయ్యి దుప్పటి మీద కొంచెం కదిలింది.

"నాకు సెప్తావేటి బావు," అన్నాడు. "నానుండొచ్చినోణ్ణి. ఆ పిల్లకి సెప్పు."

చెప్తాను మావా, ఆధారంతో వెళ్తాను, అక్కడి ఆఫీసుకి ఉత్తరం రాసి జవాబు తెప్పించి దాంతో వెళ్తాను అన్నాను.

"ఆదారమేటి. నోటితో లేదన్నావు, నోటితో ఉన్నాదను."

ఆ మాట విని అప్పుడే బయల్దేరి ఉంటే సగం రోజు ప్రయాణం. వెళ్ళలేదు. ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. అంత దూరం వెళ్ళే ఇంగ్లీషులో తప్పు ఉండకూడదని నిఘంటువు పక్కన పెట్టుకుని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి. నిజానికి ఒట్టి చేతులతో పైడమ్మ ముందు నిలబడే ధైర్యం లేక అలా రాస్తూ పోయాను. రెండు నెలలు పట్టింది. ఏడో ప్రతి సగంలో ఉండగా పొద్దున ఎవరో వచ్చి, మావ కిటికీలో నిన్న దీపం లేదని చెప్పారు.

శ్మశానంలో ఇప్పుడు మీట నొక్కడం తప్ప మనిషి చేసేదేమీ లేదు. నేనే నొక్కాను. పది నిమిషాలు కూడా అక్కడ నిలబడనివ్వలేదు, వెనక వేరే వాళ్ళు ఉన్నారు. రెండు రోజులు బొగ్గుల దగ్గర కూర్చున్న మనిషి. ట్వంటేకి ఫోను చేయించాం. పైడమ్మ రాలేదు. గది ఖాళీ చేసేవాళ్ళు స్వెట్టరు ఎవరికి కావాలంటే ఎవరూ పలకలేదు, నేను తెచ్చుకున్నాను.

ఆ వారమే తప్పులతో సహా ఉత్తరాన్ని జిరాక్సు కొట్టావిడ చేత టైపు చేయించి, స్కార్‌వోయ్‌ని కలుపుకున్న పెద్ద మునిసిపాలిటీకి మెయిలు పంపించాను. జవాబు ఐదు రోజుల్లో వచ్చింది.

రాసింది ఆ చర్చి శ్మశానం చూసే ఒక ఉద్యోగిని. రిజిస్టరులో సూరి ఉన్నాడు, రంగూన్ నావికుడు అని. సమాధి ఉంది. అయితే వాళ్ళ దేశంలో, చాలా ఏళ్ళపాటు మావాళ్ళదని ఎవరూ పలకని సమాధిని మళ్ళీ గడ్డిలో కలిపేసే పద్ధతి ఉందట. ముందు రాయి మీద చిన్న కాగితం అంటించి, ఎవరైనా పలుకుతారేమోనని కొంతకాలం చూస్తారు. సూరి రాయి మీద ఆ కాగితం పోయిన ఏడు నుంచీ ఉంది. గడువు దాదాపు అయిపోయింది. ఉంచమని కోరేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ ఫారం నింపి పంపమని జత చేసింది. చివర్లో ఇంకో రెండు వాక్యాలు. నా ఉత్తరం సంగతి చెప్తే వాళ్ళమ్మకి గుర్తొచ్చిందట: చిన్నప్పుడు చర్చి దగ్గర నిప్పు పక్కన ఓడ మనిషి ఒకడు రెండు రోజులు కూర్చున్నాడనీ, ఎంత పిలిచినా ఇంట్లోకి రాలేదనీ, ఒంటి మీద సరైన కోటు లేదని వాళ్ళమ్మమ్మ తన ఇంటాయన స్వెట్టరు తీసుకెళ్ళి ఇచ్చిందనీ. ఆ స్వెట్టరు ఇంకా ఉందా అని అమ్మ అడగమంది, అని రాసింది.

మర్నాడే ట్వంటే వెళ్ళడానికి, నది దాటించే డాలా పడవెక్కాను. స్వెట్టరు సంచీలో పెట్టుకున్నాను.

పైడమ్మ వాకిట్లో పచ్చి కుండలు వరసగా ఎండుతున్నాయి. కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది, నా మొహం మాత్రం చూడలేదు. ముందు ఏ కాగితమూ తియ్యకుండా, "ఊరు ఉందప్పా," అన్నాను. "నేనే సరిగ్గా చదవలేదు." మావ చెప్పమన్నట్టు, నోటితో. అది అనడానికే ఇంత కాలం పట్టింది. తర్వాత ఉత్తరం చదివి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నిప్పు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టింది. స్వెట్టరు బయటికి తీశాను. ఆమె దాన్ని ఎప్పుడూ ఎండలో చూడలేదు, ఆమె వచ్చేది వేరే నెల. ఒళ్ళో పెట్టుకుని ఆకుపచ్చ దారం అల్లిన చోట వేలితో రాసింది.

"నాను రాలేదు," అంది. "ఫోనొచ్చినాది. పొయ్యి మీద పనుందనుకున్నాను. కూకున్నాను, రాలేదు."

ఉత్తరంతో పాటు ఉన్న ఇంకో కాగితం చూపించి, అదేమిటంది. ఫారం సంగతి చెప్పాను. సమాధి తరఫు మనిషిగా ఒక పేరు, చిరునామా రాయాలి, నీ పేరు రాస్తానప్పా, ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలు అన్నాను.

"అన్నియ్య పేరు రాయి."

"అప్పా, మావ లేడు కదా. బతికున్నవాళ్ళ పేరే రాయాలి."

ఆమె అప్పుడు నా మొహం చూసింది.

"నలబై యేళ్ళు ఆడి తరపున ఉన్నది అన్నియ్యే. నాను కాదు. కాయితంలో లేదని ఊరే లేదన్నావు నువ్వు. ఉన్నోణ్ణి కాయితంలో ఎట్టడానికి ఏటడ్డం నీకు?"

నాకు తెలిసిన రూలు అది కాదు. తప్పుడు వివరం రాయకూడదని ఆ ఫారం అడుగునే చిన్న అక్షరాల్లో ఉంది. ఈసారి అది చదివాను.

చదివి, పెన్ను తీసి, మావ అసలు పేరు రాశాను. వాళ్ళ నాన్న పేరుతో సహా, నిండుగా, నా లేత్ పని లాంటి నిదానంతో. ఒళ్ళోని స్వెట్టరు మడిచి నా సంచీలోనే పెట్టి, కింద పైడమ్మ వేలిముద్ర వేసింది. చిరునామా గడి మిగిలింది. అక్కడి నుంచి ఎప్పుడైనా ఏదైనా అడిగితే జవాబివ్వడానికి ఒక మనిషి కావాలి.

కేరాఫ్ అని రాసి, నా పేరు రాశాను.